పటిక అద్దిన చోటు

మా ఇంట్లో రంగులకి వేసవి సెలవులుండేవి. బెజవాడ బ్యారేజీ దగ్గర కాలువలు కట్టేశారని కబురు రాగానే తాతయ్య రంగు తొట్లన్నీ కడిగి బోర్లించేవాడు. పొయ్యిలో బూడిద ఎత్తించి, రాగి గంగాళాన్ని చింతపండుతో తోమించి, షెడ్డు తలుపు దగ్గరగా వేసేవాడు. ఇంచుమించు అదే వారంలో మా బడీ మూసేవాళ్ళు. కాలువలో నీళ్ళు లేవు గనకే బడికి సెలవులిస్తారని ఏడెనిమిదేళ్ళొచ్చేదాకా నమ్మాను. ఇప్పుడు తలుచుకుంటే అది పూర్తిగా తప్పని కూడా అనిపించదు. మా పెడనలో ఏ పని ఎప్పుడు మొదలవ్వాలో, ఎవరి చేతిలో ఎప్పుడు డబ్బాడాలో చెప్పేది కాలువే.

పెడన బందరు పక్కన ఊరు, బస్సెక్కితే అరగంట. మా వైపు సగం ఇళ్ళలో మగ్గాలు, మిగతా సగంలో అద్దకం బల్లలు. కళ్ళు మూసుకుని వీధిలో నడిచినా ఎవరి ఇంటి ముందున్నామో తెలిసేది. మగ్గం ఆగకుండా టకటకలాడుతుంది. అచ్చు అలా కాదు. దాన్ని బట్ట మీద ఆనించి అరచేతి మడమతో ఒక్క గుద్దు గుద్దుతారు. దబ్‌మని ఒకటి, కాస్త ఆగి ఇంకొకటి. ఆ మధ్య ఖాళీలో అచ్చు రంగులో తడిసి వస్తుంది. ఆ ఖాళీ ఎంతుందో విని బల్ల దగ్గర ఎవరున్నారో చెప్పేసేది మా నాయనమ్మ. మరీ ఆలస్యమైతే, "మీ బాబాయి కూర్చున్నట్టున్నాడే, ఇంకా పెళ్ళిచూపుల్లోనే ఉన్నాడు" అనేది.

అద్దకానికి బావి నీళ్ళు పనికిరావు, చెరువు నీళ్ళు అసలే పనికిరావు. అద్దిన బట్టని పారే నీటిలోనే జాడించాలి. అద్దిన మందులో బట్ట తాగినంత తాగుతుంది, మిగిలింది పైపైన ఉండిపోతుంది. ఆ మిగులు బట్టని వదిలిన క్షణంలోనే నీటితోపాటు దిగువకి వెళ్ళిపోవాలి. నిలవ నీళ్ళలో ముంచితే అదొచ్చి మళ్ళీ అదే బట్ట మీద, తెల్లగా ఉండాల్సిన చోట కూర్చుంటుంది. కూర్చుందంటే ఇక లేవదు. అందుకే కాలువ ఎండిన దగ్గర్నుంచి మళ్ళీ నీళ్ళొచ్చేదాకా ఊళ్ళో అద్దకం పడుకునేది.

ఆ రోజుల్లో తాతయ్య అచ్చుల పని చూసుకునేవాడు. షెడ్డు వెనక గదిలో నేల నుంచి వాసాల దాకా అరలు, అరల నిండా అచ్చులు. ఎన్నుండేవో ఎవరూ లెక్కపెట్టలేదు. ఒక్కొక్కటీ దించి, సందుల్లో గట్టిపడిన బంకని ముల్లుతో తీసి, నూనె రాసి, నీడన పేర్చేవాడు. అరిగినవి ఒక పక్క, విరిగినవి ఒక పక్క. టేకు చెక్కని ఏడాదికి పైగా ఆరనిస్తే గానీ ఉలి పెట్టనిచ్చేవాడు కాదు. ఆరని చెక్కతో చేసిన అచ్చు కాలువ నీళ్ళొచ్చేసరికి పెళ్ళికొడుకు అలిగినట్టు వంకర తిరుగుతుందట. ముఖాన్ని నున్నగా రుద్ది, సుద్ద పూసి, దాని మీద గీత గీసేవాళ్ళు. విల్లుతో తిప్పే బరమాతో లోతైన చోట్ల కన్నాలు పొడిచి, ఆ తర్వాత చిన్న ఉలులతో చెక్కేవాళ్ళు. చెక్కినదాన్ని వీపు దాకా తొలిచి కొన్ని కన్నాలు వదిలేవాళ్ళు, గుద్దినప్పుడు లోపలి గాలి పోవడానికి. గాలికి దారి లేకపోతే అచ్చు బట్టకి అతుక్కుని లేచేటప్పుడు గీతని చెరుపుతుంది.

నాకు మొదట ఇచ్చిన పని ఒక మామిడి పిందె. విరిగిన అచ్చు వెనక వైపు మీద చెక్కుకోమన్నాడు. వారం కష్టపడి చెక్కి, బొగ్గు పూసి గోడమీద గుద్దితే పిందె తోక ఎడమ పక్కకి తిరగాల్సింది కుడి పక్కకి తిరిగింది. తాతయ్య నవ్వలేదు. గోడ దగ్గరికెళ్ళి దాన్ని చాలాసేపు చూసి, "చెక్కేటప్పుడు నువ్వు బట్టలో కూర్చుని చూడాలి" అన్నాడు. అప్పటికి నాకేమీ అర్థం కాలేదు. నలభయ్యేళ్ళుగా లినోలియం, చెక్క, రాగిరేకు, ఏది చెక్కుతున్నా ఇప్పటికీ కాగితం లోపల్నుంచే చూస్తాను.

కాలువ వదిలిన కబురు నీళ్ళకన్నా చాలా ముందు వచ్చేది. మాది శివారు. పై ఊళ్ళ నారుమళ్ళన్నీ తాగాక మిగిలినదే మాకు. ఒక రోజు పొద్దున కాలువ అడుగున బీటలు నల్లబడేవి. మధ్యాహ్నానికి చెత్తా చెదారం తోసుకుంటూ చిక్కటి ఎర్రనీళ్ళు నెమ్మదిగా పాకుతూ వచ్చేవి. పిల్లలం ఆ నీటి మొన వెంబడి నడిచేవాళ్ళం, దానికన్నా వేగంగా నడిచి ఆగి మళ్ళీ నడుస్తూ. ఆ మొదటి నీళ్ళు ముట్టుకోనిచ్చేవాడు కాదు తాతయ్య. వారం పది రోజులు పారి తేరుకున్నాక గానీ బట్ట కాలువలోకి దిగేది కాదు.

ఈలోపు ఇంట్లో పని మొదలయ్యేది. మగ్గం మీంచి వచ్చిన గాడా గుడ్డలో గంజి ఉంటుంది. పచ్చి పేడ కలిపిన నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, తెల్లవారి ఉతికి, గట్టు మీద గడ్డిలో పరిచి, ఆరీ ఆరకముందే నీళ్ళు చిలకరిస్తూ పొద్దు వాలేదాకా ఎండలో ఉంచేవాళ్ళు. చిలకరించే పని పిల్లలది. ఆ తర్వాత కరక్కాయ. నాయనమ్మా, పక్కింటి పిన్నీ రోట్లో దంచేవాళ్ళు. దంచుతుంటే పొడి గొంతులో పడి ఎవరికీ మాట పెగిలేది కాదు. ఇంట్లో ఆడవాళ్ళు మాట్లాడుకోని రోజు ఏడాదిలో అదొక్కటే. కరక్కాయ నీళ్ళలో ముంచి తీసిన బట్ట లేత పసుపు రంగుకొచ్చి, ఆరాక ఒక వగరు వాసన వేసేది. శ్రీకాళహస్తిలో ఇందులో గేదెపాలు కలుపుతారు, కలంతో గీసిన గీత పక్కకి పాకకుండా ఆ కొవ్వు పట్టుకుంటుంది. మాకు గీత పాకకుండా చూసేది తుమ్మబంక.

నలుపు కోసం పెరటి మూల ఒక బాన. అందులో పాత మేకులు, నాడాలు, తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం, నీళ్ళు. మూత గట్టిగా బిగించరు. మూడు వారాలు అది తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు బుడబుడమనేది. దాన్నే కసీం అంటారు. పులిసిన వాసన, కాస్త కల్లు గుర్తొచ్చేలా. చూడటానికి అది నల్లగా ఉండదు, పలచటి టీ నీళ్ళలా ఉంటుంది. కరక్కాయ పట్టిన బట్ట మీద పడగానే నల్లబడుతుంది. మా బాబాయి స్నేహితులెవరైనా వస్తే అదే గారడీ చూపించేవాడు. తాతయ్యకి ఆ గారడీ అంటే చిరాకు. నలుపు తొందరమనిషి అనేవాడు.

ఆయనకి ఎరుపంటే ఇష్టం. ఎందుకంటే అది అద్దినప్పుడు కనపడదు.

ఎరుపుకి అద్దేది ఎరుపు కాదు, పటిక. నీళ్ళలో కరిగించి, బంకతో చిక్కబరిచి, తొట్టిలో పోస్తారు. తొట్టిలో ఒక వెదురు జాలీ, దానిమీద కంబళి ముక్క, పైన గుడ్డ. అచ్చుని ఆ గుడ్డ మీద ఆనిస్తే సరిపడా తడి అంటుకుంటుంది. పటిక పాళ్ళు చూసేది నాయనమ్మ నాలుక. ఒక్క చుక్క పెట్టుకుని మొహమంతా ముడుచుకుంటే సరిపోయినట్టు. ఒక కన్ను మూసి ఊరుకుంటే ఇంకా వెయ్యాలి. తడిగా ఉన్నప్పుడు పటిక పడిన చోటు కొంచెం మెరుస్తుంది. ఆరిందా, ఏమీ లేదు. నల్లగీతల మధ్య ఎక్కడ అద్దారో ఎక్కడ అద్దలేదో అద్దినవాడికి తప్ప తెలియదు. కొందరు కనపడటానికి కావిరాయి పొడి కలుపుకునేవాళ్ళు, ఉతుకులో పోతుంది కదా అని. తాతయ్య ఒప్పుకునేవాడు కాదు. బల్ల వెంబడి నడుస్తూ, ఎడమచేతి వేళ్ళతో నల్లగీత అంచు పట్టుకుని, కుడిచేత్తో గుద్దుకుంటూ, పది గజాల తాను మీద లేని పూలు పూయించుకుంటూ పోయేవాడు.

నేను ఏడో తరగతిలో ఉండగా ఒక పెద్ద దుప్పటి అద్దుతున్నారు. మధ్యలో చెట్టు, చుట్టూ మూడు వరసల అంచు. తొట్టి జరపమంటే జరిపాను. జరుపుతూ జరుపుతూ వేలు అందులో పెట్టాను. తడి వేలు తుడుచుకోవడానికి అందుబాటులో ఉన్నది దుప్పటే. అంచుకీ చెట్టుకీ మధ్య తెల్లగా వదలాల్సిన చోట. వెంటనే వంగి చూశాను. చిన్న తడి మచ్చ. ఊదాను. ఆరిపోయింది. చుట్టూ చూశాను, ఎవరూ చూడలేదు.

అద్దాక బట్టని కొన్నాళ్ళు ఆరబెట్టి ఉంచాలి. ఆ నాళ్ళన్నీ నాకు అన్నం సయించలేదు. మడతలో ఉన్న దుప్పటి దగ్గరికెళ్ళి ఆ చోటు వెతికేదాన్ని, నాకే దొరికేది కాదు. ఇక కాలువ మీద ఆశ పెట్టుకున్నాను. ఉతికే రోజు నేనూ గట్టుకి వెళ్ళాను. ఇద్దరు మగవాళ్ళు తొడల లోతు నీళ్ళలో ఎదురెదురుగా నిలబడి, చెరో కొసా పట్టుకుని, బట్ట తన మీద తాను మడతపడకుండా పారుదలకి వదిలి లాగుతూ జాడిస్తారు. పసుపుపచ్చటి మురికి తెరలు తెరలుగా దిగువకి పోతోంది. అందులో నా వేలు కూడా పోతోందనుకున్నాను.

మర్నాడు తెల్లవారుజామున సరుగుడు కట్టెలతో పొయ్యి అంటించారు. గంగాళంలో నీళ్ళు, జాజి ఆకు, ఎరుపు మందు. నీళ్ళు గోరువెచ్చగా ఉండగానే బట్ట వేస్తారు. కర్రలతో ఎత్తుతూ తిప్పుతూ, మంట పెంచుకుంటూ పోతారు. మొదట బట్టంతా ఒకే మురికి గులాబీ రంగు. ఆ తర్వాత ఎక్కడెక్కడ పటిక అద్దారో అక్కడక్కడ చిక్కబడటం మొదలవుతుంది. కర్ర మీద ఎత్తిన ప్రతిసారీ ఇంకాస్త. ఆవిరిలోంచి ఒక రేక, ఒక చిలక ముక్కు, ఒక కాండం. పటిక ఉన్న చోట ఎరుపు, ఇనుము ఉన్న చోట నలుపు, రెండూ కలిసిన చోట కాచు రంగు, అన్నీ ఒకే గంగాళంలో, ఒకే మందులో, ఒకేసారి. ఇది ఎన్నిసార్లు చూసినా పాతబడలేదు నాకు. ఆ రోజు మాత్రం నేను చూసింది అంచు పక్క తెలుపునే. మూడోసారి ఎత్తినప్పుడు కనపడింది. చిన్న గోరింట చుక్కలా, కిందికి కాస్త తోకతో.

గడ్డి మీద ఆరేశాక తాతయ్య దుప్పటి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి అక్కడ ఆగాడు. తన చిటికెన వేలు ఆ మచ్చ పక్కన పెట్టి చూసుకున్నాడు. పెద్దవాళ్ళది కాదని తేలిపోయింది. మనవలం ఐదుగురం వరసగా నిలబడి ఉన్నాం, నేనొక్కదాన్నే చేతులు వెనక్కి పెట్టుకున్నాను. "సరేలే అమ్మాయ్, దీన్నెవరూ కొనరు. నీ పెళ్ళికి కట్నం కింద ఇచ్చేద్దాం" అన్నాడు. అంతే. కట్నం సంగతి ఏమైనా, నేను చదువుకి వెళ్ళిన రోజు నా ట్రంకు పెట్టెలో అడుగున అది ఉంది.

ఆ ఎరుపు కథ తాతయ్యకి తెలిసిన దానికన్నా పొడుగని నాకు చదువులో తెలిసింది. పూర్వం ఎరుపిచ్చేది చిరువేరు. కృష్ణ సముద్రంలో కలిసే వైపు, గవ్వలు కలిసిన ఇసుక నేలల్లో పెరిగే సన్నటి మొక్క వేరు. గవ్వల సున్నం తిన్న వేరు ఎరుపుకి మెరుపెక్కువ. బందరు రేవు నుంచి పర్షియాకీ, హాలండుకీ, ఇంగ్లండుకీ ఓడలకెత్తిన అద్దకం బట్టల్లో ఎరుపంతా అదే. యూరప్ వాళ్ళకి ఆ బట్ట ఉతికితే రంగు పోకపోవడం ఒక వింత. తమ దేశపు నేతగాళ్ళ గోల పడలేక ఫ్రాన్సు 1686లో వాటిని నిషేధించింది, 1759 దాకా ఎత్తలేదు. ఇంగ్లండు 1721లో చట్టం చేసింది. నిషేధం నడుస్తుండగానే, 1742లో, పుదుచ్చేరి వైపున్న కర్దూ అనే ఫ్రెంచి జెసూట్ పాదరీ ఇక్కడి పని మొత్తం పూసగుచ్చినట్టు ఉత్తరం రాసి ఫ్రాన్సుకి పంపాడు. మతం పుచ్చుకున్న రంగులవాళ్ళని అడిగి తెలుసుకున్నాడట. ఆయన మన తెలుగు కూడా నేర్చినవాడు, తెలుగుకి నిఘంటువు కట్టినవాడు. ఆ ఉత్తరం మీద నాకు గౌరవమూ ఉంది, కోపమూ ఉంది. కరక్కాయా, పాలూ, పటికా, పారే నీళ్ళూ అన్నీ అందులో ఉన్నాయి. చెప్పినవాళ్ళ పేర్లు లేవు.

తర్వాత 1868లో జర్మనీలో గ్రేబె, లీబర్మాన్ అనే ఇద్దరు రసాయనికులు ఆ వేళ్ళలోని ఎరుపుని ప్రయోగశాలలో తయారు చేశారు. అలిజరిన్. దాంతో వేళ్ళు తవ్వేవాళ్ళ పని అయిపోయింది. మా గంగాళంలో పడే ఎరుపు మందు కూడా, దాచడం ఎందుకు, డబ్బాలో వచ్చే అలిజరినే. తాతయ్య దాన్ని 'అలిజరి' అనేవాడు, ఊరి చివర చుట్టాన్ని పిలిచినట్టు. సహజ రంగులు, ఆకులూ వేళ్ళూ అని చీర కొంగు మీద చీటీ కట్టి అమ్మేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది. అయితే ఇది మోసమని కూడా అనను. వేరులో ఉన్నదీ డబ్బాలో ఉన్నదీ ఒకటే పదార్థం. పటిక లేకపోతే, పారే నీళ్ళు లేకపోతే, ఏదైనా ఒకటే గులాబీ మురికి.

1977 నవంబరు 19. ఆ తేదీ మా వైపు ఎవరికీ చెప్పక్కర్లేదు. దివిసీమని ఉప్పెన ముంచేసింది, పదివేల మందికి పైగా పోయారు. నాయనమ్మ చిన్నప్పుడు వాళ్ళ ముసలివాళ్ళు 1864 నాటి బందరు ఉప్పెన గురించి చెబుతుంటే విన్నదట. అదీ ఇదీ కలిపి చాలాకాలం చెప్పేది. మా వీధికి గాలీ వానా చేసిన నష్టమే ఎక్కువ. షెడ్డు తాటాకు కప్పు లేచిపోయింది, అచ్చుల గది గోడ కూలింది. అచ్చులు బురదనీళ్ళలో ఎన్నాళ్ళు నానాయో. మనుషుల్ని వెతుక్కునే రోజుల్లో చెక్కల సంగతి ఎవరు చూస్తారు. తర్వాత తీసి నీడన ఆరబెడితే సగానికి సగం వంగిపోయాయి. పెద్ద చెట్టు కాండం అచ్చు మాత్రం వంగలేదు గానీ పొర వెంబడి నిలువునా ఒక పగులు తేలింది. కొత్తది చెక్కించే డబ్బు లేదు. తాతయ్య ఇనపకట్టు బిగించి దాంతోనే అద్దాడు. అప్పటినుంచి మా చెట్టు కాండంలో, మధ్యకి కొంచెం ఎడమగా, వెంట్రుకంత తెల్లగీత పడేది. మొదట్లో సంజాయిషీ చెప్పుకునేవాడు. తర్వాత మద్రాసు నుంచి వచ్చే కొనుగోలుదారులు అది పనితనమనుకుంటున్నారని తెలిసి ఊరుకున్నాడు.

మా వాళ్ళెవరూ ఈ పనిని కలంకారీ అనేవారు కాదు. కలం ఎక్కడుంది? అద్దకం అనేవారు. బందరు వైపు పూర్వం కలంతోనూ చేసేవారు, నీలిమందు అంటకుండా మైనం పూసే పద్ధతీ ఉండేది. ఆ చేతులు ముందే పోయాయి. 1950లలో కమలాదేవి చటోపాధ్యాయ వంటివాళ్ళు చేతిపనుల్ని మళ్ళీ నిలబెట్టే పనికి పూనుకున్నాక, శ్రీకాళహస్తిదీ మాదీ ఒకే పేరు కిందికొచ్చాయి. చదువుకునే రోజుల్లో నేనొకసారి శ్రీకాళహస్తి వెళ్ళాను. వెదురు పుల్ల మొనకి పైన గుడ్డ చుట్టి, అది రంగు పీల్చుకుంటే, వేళ్ళతో నొక్కుతూ గీస్తున్నారు. చింతబరిక బొగ్గుతో రాముణ్ణి గీసి, కిందే తెలుగులో కథ రాస్తున్నారు. అక్కడి జొన్నలగడ్డ గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చినప్పుడు మా బాబాయి కూడా స్వీట్లు పంచాడు, ఇటు మా పనికే వచ్చినట్టు. నేను మాత్రం శ్రీకాళహస్తి వెళ్ళిన రోజు అక్కడ అసూయపడ్డాను. వాళ్ళ గీతకి మనిషి ఉంటాడు. మా అచ్చు గీతకి ముగ్గురుంటారు. గీసినవాడు, చెక్కినవాడు, గుద్దినవాడు. ఎవరూ పేరు రాసుకోరు.

లలితకళలు చదువుతానంటే ఇంట్లో గొడవేమీ కాలేదు. బొమ్మలు వేయడమేగా, ఇంట్లో చేస్తున్నదదే అనుకున్నారు. అక్కడ నాకు ముద్రణ విభాగం దొరికింది. మొదటిసారి రోలరుతో ఎర్ర ఇంకు పరిచినప్పుడు నాకు కలిగింది ఆశ్చర్యం కాదు, ఒక రకమైన నిరాశ. ఎరుపు అప్పుడే కనపడిపోయింది! డబ్బాలో ఎరుపు, రోలరు మీద ఎరుపు, కాగితం మీద ఎరుపు. వేచి చూడటానికి ఏమీ లేదు.

ఆ నిరాశ తీర్చింది కృష్ణారెడ్డిగారి పని. చిత్తూరు దగ్గర నందనూరులో 1925లో పుట్టి, శాంతినికేతన్‌లో చదివి, ప్యారిస్‌లో హేటర్ నడిపిన అటెలియర్ 17 అనే ముద్రణశాలలో స్థిరపడి, తర్వాత న్యూయార్క్ వెళ్ళి, 2018లో అక్కడే పోయారు. ఆయన శిల్పి కూడా. లోహపు రేకుని శిల్పంలా రకరకాల లోతుల్లో తొలిచేవారు. ఇంకుల్లో నూనె పాళ్ళు మార్చి కొన్నిటిని పలచన, కొన్నిటిని చిక్కన చేసి, మెత్తటి రోలరుతో లోతులకీ గట్టి రోలరుతో మిట్టలకీ ఎక్కించేవారు. నూనె తేడా వల్ల ఒక ఇంకు ఇంకొకదాన్ని దగ్గరికి రానివ్వదు. ఒకే రేకు, యంత్రంలోంచి ఒకే తోపు, అన్ని రంగులూ. మా సారు ఇది వివరిస్తుంటే తరగతిలో అందరూ అబ్బురపడుతున్నారు. నా కళ్ళముందు మా గంగాళం ఉడుకుతోంది. ఏ చోటు ఏ రంగుని పట్టుకోవాలో ముందే చెప్పి ఉంచి, ఆ తర్వాత అన్నిటినీ ఒక్కసారి వదిలెయ్యడం. నందనూరాయనకి మా పెడన సంగతి తెలుసని కాదు. తెలియాల్సిన పనీ లేదు. ఆ సాయంత్రం తాతయ్యకి ఉత్తరం రాశాను, నూనెతో అద్దకం చేసే మనవాడొకాయన అమెరికాలో ఉన్నాడని. ఆయన జవాబు మూడు ముక్కలు: "ఏ నీళ్ళలో ఉతుకుతాడు?"

ఈలోగా ఊళ్ళో స్క్రీన్లు వచ్చాయి. చెక్కచట్రానికి గుడ్డ బిగించి, రంగు పోసి, రబ్బరు బద్దతో ఒక్క లాగు లాగితే గజం నిండుతుంది. ఉడకబెట్టక్కర్లేదు, కాలువ అక్కర్లేదు, ఎండాకాలం సెలవు అక్కర్లేదు. రంగు అద్దిన వెంటనే కనపడుతుంది. బాబాయి అటు తిరిగాడని తాతయ్య ఒక్కమాట కూడా అనలేదు. పిల్లల ఫీజులు కట్టాలి గదా. ఆయన చివరి రెండేళ్ళు గంగాళం వాడలేదు. పోయాక దాన్ని రాగి తూకానికి అమ్మేశారు. బండిమీద ఎక్కిస్తుంటే లోపల ఎర్రటి పొర, ఎన్ని చింతపండ్లతో తోమినా పోనిది, ఎండలో మెరిసిందని నాయనమ్మ చెప్పింది. ఇప్పటికీ పెడనలో అచ్చులతో అద్దేవాళ్ళు, పాత పద్ధతిలో ఉడకబెట్టేవాళ్ళు ఉన్నారు, నేను వాళ్ళ దగ్గరే బట్ట కొంటాను. పోయిందంటున్నది మా ఇంటి సంగతి, కాలువని చూసి ఏడాదిని లెక్కపెట్టుకునే ఆ అలవాటు సంగతి.

పదేళ్ళ కిందట హైదరాబాదులో ఒక దుకాణంలో దిండు గలేబులు చూస్తున్నాను. కలంకారీ అని చీటీ. ముట్టుకుంటే పాలిస్టర్, యంత్రం మీద అచ్చైనవి. మధ్యలో చెట్టు. ఎక్కడో చూసినట్టుందే అని దగ్గరికి తీసుకున్నాను. కాండంలో, మధ్యకి కొంచెం ఎడమగా, వెంట్రుకంత తెల్లగీత. ఎవరో మా దుప్పటిని ఫొటో తీసి, కంప్యూటర్లో శుభ్రం చేసి, చిలకల ముక్కులు సరిచేసి, ఆ పగులుని మాత్రం ముచ్చటపడి అలాగే ఉంచుకున్నారు. అరలో నలభై దాకా ఉన్నాయి. అన్నిటిలోనూ తుఫాను ఒకే చోట చీల్చి ఉంది. అమ్మే అబ్బాయి పక్కనే నిలబడి, "ఒరిజినల్ డిజైన్ మేడమ్" అన్నాడు. నిజమే. రెండు కొన్నాను.

ఇప్పుడు నా పని రెండు గదుల ఫ్లాటులో. ఒక గదిలో ముద్రణ యంత్రం, బాల్కనీలో కసీం కుండ. కింది ఫ్లాటువాళ్ళు ఒకసారి పైకొచ్చి ఎలుకేదైనా చచ్చిందా అని అడిగారు కూడా. చెక్క మీద చెక్కిన పెద్ద పెద్ద ఆకారాల్ని గాడా గుడ్డ మీద పటికతో అద్ది, ఉడకబెట్టి, ఒక వరస తయారు చేస్తున్నాను. ఆకారాలు ఏమీ కొత్తవి కావు. తొట్టి, కర్ర, గట్టు, చెయ్యి. ఇబ్బందంతా ఉతకడంలోనే. బోరు నీళ్ళతో ఎరుపు గోధుమలోకి పోతోంది. బకెట్లు మార్చి మార్చి జాడించినా తెలుపులోకి పటిక పాకుతూనే ఉంది. స్నానాలగదిలో పైపు వదిలి, బట్టని గోడకి వేలాడదీసి పై నుంచి నీళ్ళు పారించి చూశాను. ట్యాంకు ఖాళీ అయి సొసైటీ వాళ్ళు నోటీసు పంపారు.

అద్దిన పదకొండు బట్టలు బీరువాలో మడతపెట్టి ఉన్నాయి. చూసినవాళ్ళకి అవి లేత పసుపు మీద నల్లగీతలున్న గుడ్డలు. ఎర్రవన్నీ లోపలున్నాయి. మొన్న జూన్ చివర్లో బాబాయికి ఫోను చేశాను. ఎనభై దాటాయి, చెవి మందం, గట్టిగా అరవాలి.

"బాబాయ్, కాలువ వదిలారా?"

"వదిలారటమ్మా, పేపర్లో వేశాడు."

"నీళ్ళొచ్చాయా మరి?"

ఆయన ఫోను పట్టుకునే గుమ్మం దిగి వెళ్తున్న చప్పుడు వినపడింది. మగ్గాల చప్పుడేమీ లేదు, ఏదో మోటారు సైకిలు పోయింది. చాలాసేపటికి మాట్లాడాడు.

"అడుగున తడి తేలింది. గుర్రపుడెక్క అడ్డం పడి ఉంది. ఇంకో పది రోజులు చూసి బయల్దేరు."

సంచీలో బట్టలతోపాటు ఆ పాత దుప్పటి కూడా పెట్టాను.